గంజాంలో ఒక మనిషి, నాలుగు పిలుపులు

1925 ప్రాంతంలో గంజాం జిల్లా బరంపురం పక్క పల్లెలో ఒక మనిషిని ఊహించుకుందాం. అతను బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగ్‌మన్ (పట్టాల మరమ్మతు చేసే కూలీ). ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, సంతకి వెళ్తే ఒడియాలో బేరమాడతాడు. తమ్ముడు చికిటి జమీందారీలో వరి పండించి జమీందారుకి శిస్తు కడతాడు. కులం చూస్తే బ్రాహ్మణేతర కులం. ఇందులో విడ్డూరమేమీ లేదు. అప్పటి గంజాంలో ఇలాంటివాళ్లు ఊరికి పదిమంది ఉండేవారు.

ఆ రోజుల్లో ఇతనికి నాలుగు వైపుల నుంచి పిలుపులు వచ్చాయి. నువ్వు ఆంధ్రుడివి, నీ ఊరు ఒడిశాలో కలవకుండా చూసుకో అని ఒకరు. నువ్వు బ్రాహ్మణేతరుడివి, సర్కారు కొలువుల్లో నీ వాటా అడుగు అని ఇంకొకరు. నువ్వు కార్మికుడివి, యూనియన్‌లో చేరు అని మరొకరు. మీది రైతు కుటుంబం, శిస్తు తగ్గించమని జమీందారుని నిలదియ్యి అని నాలుగో వారు. నలుగురూ నిజమే చెప్పారు. చిక్కేమిటంటే, నాలుగు సభలకీ ఒకేసారి వెళ్లడం కుదరదు.

రాజకీయ భావజాలం (సమాజం ఎలా ఉంది, ఎలా ఉండాలి, అందుకు ప్రభుత్వం ఏం చెయ్యాలి అన్న నమ్మకాల అల్లిక) అనగానే మనకి పెద్ద పుస్తకాలు, ఎర్రజెండాలు, కాషాయ జెండాలు గుర్తొస్తాయి. పని చేసే తీరు చూస్తే అది అంతకంటే సాదాగా ఉంటుంది. మనిషికి ఉన్న అనేక గుర్తింపుల్లో ఒకదాన్ని ఎంచుకుని, అదే అసలు గుర్తింపు అని ఒప్పిస్తుంది. ఆ గుర్తింపుకి జరిగిన అన్యాయం ఇదీ అని చూపిస్తుంది. దాన్ని సరిదిద్దడమే సర్కారు పని అంటుంది. ఒకరిని ఏ పేరుతో పిలిచారో తెలిస్తే, వాళ్లు అడగబోయే చట్టం ఏదో సగం తెలిసినట్టే.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, 2024లో ఒడిశాలో 24 ఏళ్ల తర్వాత ప్రభుత్వం మారింది. బిజూ జనతాదళ్ (బీజేడీ) పోయి బీజేపీ వచ్చింది. బరంపురం, ఆస్కా లోక్‌సభ స్థానాలు రెండూ బీజేపీకే దక్కాయి. అయినా రెండు పార్టీల హామీలు పక్కపక్కన పెడితే రెండిట్లోనూ అవే: ఆడవాళ్లకి డబ్బు, రైతుకి డబ్బు, ఆసుపత్రి ఖర్చు. మరి భావజాలం ఎక్కడుంది అని చాలామంది అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు వెతకాలంటే గంజాం లాంటి జిల్లా బాగా పనికొస్తుంది. నూరేళ్లలో అక్కడ రాని పిలుపు లేదు.

ముందు ఒక కొలబద్దని పక్కన పెడదాం. 1789లో ఫ్రాన్స్ జాతీయ సభలో రాజుని సమర్థించేవాళ్లు కుడివైపు, ఎదిరించేవాళ్లు ఎడమవైపు కూర్చున్నారు. అప్పటినుంచి లోకమంతా వామపక్షం, దక్షిణపక్షం అంటోంది. ఆ కొలత ఆస్తి గురించీ పన్నుల గురించీ బాగానే చెబుతుంది. భాష గురించి, కులం గురించి దాదాపు ఏమీ చెప్పదు. గంజాంలో గొడవ మొదలైందే భాషతో.

అప్పటి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తరపు కొస. ఈనాటి శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం కూడా అందులోవే. ఉత్తర తాలూకాల్లో ఒడియావాళ్లు ఎక్కువ, దక్షిణాన తెలుగువాళ్లు ఎక్కువ, బరంపురంలో ఇద్దరూ. కచేరీల్లో, బడుల్లో తెలుగు ఉద్యోగులదే పైచేయి. ఒడియా రైతు తన దావా తనకి రాని భాషలో నడుస్తుంటే చూస్తూ నిలబడేవాడు. 1903లో మధుసూదన్ దాస్ చొరవతో కటక్‌లో ఉత్కళ సమ్మిళని తొలి సభ జరిగింది. ఒడియా మాట్లాడేవాళ్లందరికీ ఒకే పాలన కావాలన్నది దాని కోరిక. బరంపురంలో శశిభూషణ్ రథ్ 1913లో మొదలుపెట్టిన ‘ఆశ’ పత్రిక ఆ మాటని ఇంటింటికీ తీసుకెళ్లింది.

అదే 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అక్కడి ఫిర్యాదు కూడా అచ్చంగా ఇదే. మద్రాసులో అరవవాళ్ల ఆధిపత్యం కింద తెలుగువాళ్లకి కొలువులు దక్కడం లేదని. మద్రాసులో బాధితులైన తెలుగువాళ్లే బరంపురం కచేరీలో ఒడియావాళ్లకి ఆధిపత్యంగా కనిపించారు. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. భాషావాదం (ఒక భాష మాట్లాడేవాళ్లంతా ఒక జాతి, ఆ జాతికో రాజ్యం ఉండాలన్న అభిప్రాయం) ఎక్కడ నిలబడి చూస్తే అక్కడి అన్యాయాన్నే చూపిస్తుంది. తన నీడ ఎవరి మీద పడుతోందో దానికి కనిపించదు.

ఈ భావజాలం సర్కారుని అడిగేది ప్రధానంగా ఒక్కటే: సరిహద్దు. సరిహద్దు గీయాలంటే లెక్క కావాలి. అందుకే జనాభా లెక్కల్లో మాతృభాష గడి రాజకీయమైపోయింది. రెండు భాషలూ వచ్చిన మనిషి ఆ గడిలో ఏం రాయించాలి? సంతలో ఎప్పుడూ ఎదురుకాని ప్రశ్న గణకుడు గుమ్మంలోకి రాగానే ఎదురైంది. 1931లో ఓడొన్నెల్ కమిటీని సరిహద్దు తేల్చడానికి వేశారు. పర్లాకిమిడిని ఒడిశాలో చేర్చనక్కర్లేదని అది చెప్పింది. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి లండన్ దాకా వెళ్లి వాదించి, పట్టణాన్నీ ఎస్టేటులో కొంత భాగాన్నీ ఒడిశాలో చేర్పించుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. బరంపురం అటు వెళ్లింది. ఇచ్ఛాపురం ఇటు మిగిలింది.

ఆ గీత ఏం చేసిందో గిడుగు రామమూర్తి గారి జీవితం చూస్తే తెలుస్తుంది. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరి, సవర గిరిజనుల భాషకి వ్యాకరణం, నిఘంటువు కట్టి, వ్యావహారిక తెలుగు కోసం పండితులతో తలపడిన మనిషి. ఐదు దశాబ్దాలకి పైగా ఆ ఊరే ఆయన ఊరు. అది ఒడిశాలో కలిసిన 1936లోనే సామాన్లు సర్దుకుని రాజమండ్రికి వచ్చేశారు. అటు బరంపురంలో ఉండిపోయిన తెలుగువాళ్లు ఒక్క రోజులో భాషా అల్పసంఖ్యాకులు అయ్యారు. ఊరు మాత్రం గీత ప్రకారం విడిపోలేదు. ఈనాటికీ రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరని ముందుండి నడిపేది పట్టు నేసే తెలుగు దేరా కులపు పెద్ద, ‘దేశీ బెహరా’. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు ఆయన వీధికే వస్తుంది. మొక్కులు మాత్రం ఊరందరివీ.

రెండో పిలుపు కులానిది. దీన్ని మోసిన పెద్దమనిషి కూడా బరంపురం వాడే: ఎ.పి. పాత్రో, పూర్తి పేరు అన్నెపు పరశురామదాసు పాత్రో. 1916 చివర్లో మద్రాసులో బ్రాహ్మణేతర ప్రకటన వెలువడింది. ఆ రోజుల్లోనే జస్టిస్ పార్టీ పుట్టింది. పాత్రో 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రభుత్వంలో విద్యామంత్రి. ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం వచ్చింది ఆయన హయాంలోనే. జస్టిస్ పార్టీ దృష్టిలో అసలు సమస్య తెల్లదొర కాదు, సరిహద్దు కాదు. చదువూ కొలువూ ఒకే కులం చేతిలో ఉండటం. కాబట్టి వాళ్లు సర్కారుని కూలదొయ్యాలనుకోలేదు, అందులో వాటా అడిగారు. 1921 కమ్యూనల్ జీవో (ఉద్యోగాలని సామాజిక వర్గాల వారీగా పంచే ఉత్తర్వు) ఆ ఆలోచన ఫలితం. ఈనాటి రిజర్వేషన్లకి మూలాలు వెతికితే దారి అక్కడిదాకా వెళ్తుంది. ఆ పార్టీ బలహీనత కూడా అప్పుడే కనిపించింది. దాని ముందువరుసలో కూర్చున్నది జమీందార్లు. కొలువుల్లో వాటా అడిగిన నోరు శిస్తు మాటకొచ్చేసరికి మూతపడేది.

ఆ మాటకొస్తే గంజాంలో అందరికంటే బరువైన ప్రశ్న భూమిదే. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

1802 తర్వాత ఉత్తర సర్కారుల్లో శాశ్వత పరిష్కారం అమలైంది. ఈస్టిండియా కంపెనీకి జమీందారు కట్టాల్సిన పేష్కషు (జమీందారు సర్కారుకి ఏటా చెల్లించే సొమ్ము) శాశ్వతంగా ఒకే అంకె. రైతు దగ్గర జమీందారు వసూలు చేసేదానికి అలాంటి అడ్డు లేదు. కాలం గడిచేకొద్దీ రెండిటికీ మధ్య ఎడం పెరిగింది. 1908 మద్రాసు ఎస్టేట్స్ లాండ్ యాక్టు రైతుకి భూమి మీద సాగు హక్కు ఇచ్చింది, శిస్తు భారాన్ని మాత్రం పెద్దగా తగ్గించలేదు. గంజాంలో జమీందారీ గ్రామాల పక్కనే రైత్వారీ గ్రామాలు (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఊళ్లు) ఉండేవి. గట్టుకి ఇటు ఒక రేటు, అటు ఒక రేటు. నేల ఒకటే, నీరు ఒకటే.

1937 ఎన్నికల్లో ఒడిశాలో కాంగ్రెస్ గెలిచింది. గవర్నర్ జోక్యం చేసుకోరన్న హామీ వచ్చేదాకా పదవులు వద్దంది. ఆ ఖాళీలో ఏప్రిల్ నుంచి జూలై దాకా ప్రధానమంత్రిగా (అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వ అధినేతని అలాగే పిలిచేవారు) కూర్చున్నది పర్లాకిమిడి మహారాజు. జూలైలో కాంగ్రెస్ తరఫున బిశ్వనాథ్ దాస్ వచ్చారు. ఆయనదీ గంజామే. దాస్ ప్రభుత్వం తెచ్చిన ముఖ్యమైన బిల్లు ఎస్టేట్స్ లాండ్ యాక్టుకి సవరణ. పాత మద్రాసు ప్రాంతంలోని జమీందారీ శిస్తుని పక్కనున్న రైత్వారీ రేటుకి దించాలి, జమీందారుకి పరిహారంగా దాని మీద రూపాయికి రెండణాలు కలపాలి. లెక్క సులువు కోసం అంకెలు అనుకుందాం. రైత్వారీలో ఎకరానికి రెండు రూపాయలు, జమీందారీలో ఐదు. బిల్లు చట్టమైతే ఐదు రూపాయలు కట్టే రైతు రెండు రూపాయల నాలుగణాలు కడతాడు. మిగిలిన రెండుమ్ముప్పావలా రాజుగారి ఖజానాకి కోత.

ఈ చోట రెండు భావజాలాలు ముఖాముఖి నిలబడ్డాయి. జమీందార్ల వాదన సంప్రదాయవాదం (ఉన్న కట్టుబాట్లనీ హక్కులనీ నిలబెట్టాలనే ఆలోచన). 1802లో సర్కారు మాట ఇచ్చింది. ఆ మాట మీద కొనుగోళ్లు, తాకట్లు, పెళ్లిళ్లు, వారసత్వాలు నడిచాయి. ఎన్నికల్లో గెలిచారు గనక ఆ మాట తప్పుతామంటే రేపు ఎవరి ఆస్తికి భద్రత? దీన్ని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ మాట మీద నిలబడని ప్రభుత్వాన్ని రైతు మాత్రం ఎందుకు నమ్మాలి అన్న మెలిక అందులో ఉంది. రైతుల వైపు వాదన వేరు. ఆ ఒప్పందం కంపెనీకీ జమీందారుకీ మధ్య జరిగింది, దున్నేవాణ్ణి ఎవరూ అడగలేదు, అడగని మాటకి అతను ఎందుకు కట్టుబడాలి?

బిల్లు శాసనసభలో నెగ్గింది. గవర్నర్ జనరల్ ఆమోదం దొరకలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే సరిహద్దుకి ఇవతల, మద్రాసులో, టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ కమిటీ కూర్చుంది. 1938లో దాని నివేదిక వచ్చింది. భూమి మీద హక్కు రైతుదేనని చెప్పింది. అదీ వెంటనే చట్టం కాలేదు. 1940లో మందస జమీందారీలో రైతుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. గుడారి రాజమణిపురంలో వీర గున్నమ్మ ప్రాణం పోయింది. మందస అప్పటికి నిన్నమొన్నటిదాకా గంజాం జిల్లాలోదే. అంతకు నాలుగేళ్ల ముందే గీతకి ఇవతలికి వచ్చింది. చివరికి మద్రాసులో 1948లో, ఒడిశాలో 1951లో ఎస్టేట్ల రద్దు చట్టాలు వచ్చాయి.

పర్లాకిమిడి మహారాజునీ బిశ్వనాథ్ దాస్‌నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒడిశా రాష్ట్రం కావాలన్న విషయంలో ఇద్దరిదీ ఒకే పక్షం. శిస్తు విషయంలో ఎదురెదురు. భాష పిలిచినప్పుడు రాజూ రైతూ ఒకే వరుసలో నిలబడ్డారు. భూమి పిలిచేసరికి వరుస చీలిపోయి, ఒడియా రైతూ తెలుగు రైతూ ఒక పక్కకి వచ్చారు. మనుషులు మారలేదు, పిలిచిన పేరు మారింది. ఏ పిలుపు ముందు నిలవాలి అన్న పోటీయే రాజకీయాల్లో సగం పని. రైతు పిలుపు వినబడకుండా ఉండాలంటే భాష పిలుపు గట్టిగా వినబడితే చాలునని జమీందార్లకి తెలుసు. దీని తిరగేసిన రూపం కూడా ఉంది. భూమి సంగతి తేలితే భాషా కులమూ వాటంతటవే సర్దుకుంటాయని ఎదుటి పక్షం చాలాకాలం నమ్మింది. అవి సర్దుకోలేదు.

ఇక మిగిలిన పిలుపు కార్మికుడిది. దాన్ని మోసినవాడు వరాహగిరి వేంకటగిరి. 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టాడు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెస్ మనిషి. గిరి న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్లాడు. సరిగ్గా ఆ ఏడే అక్కడ పెద్ద లాకౌట్ జరిగింది. యూనియన్‌లో చేరినవాళ్లకి పని లేదని యజమానులు గేట్లు మూశారు, నెలల తరబడి ఊరు ఆకలితో మాడింది. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కానలీ ఆ పోరాటానికి నాయకులు. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటు దాకా చూసి, ఆ ఏడే గిరి ఇంటికొచ్చాడు. దేశ స్వాతంత్ర్యం, కూలీ హక్కు వేర్వేరు కాదని అతనికి తలకెక్కింది డబ్లిన్‌లోనే.

బరంపురం గుండా పోయేది బెంగాల్ నాగపూర్ రైల్వే. గిరి ఆ రైల్వే కార్మికుల్ని కూడగట్టాడు, అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపనలో ముందున్నాడు, 1926లో ఏఐటీయూసీ (అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) అధ్యక్షుడయ్యాడు. 1937లో బొబ్బిలి రాజాని బొబ్బిలిలోనే ఓడించాడు. రాజా అప్పటికి జస్టిస్ పార్టీ నాయకుడు, పదవిలో ఉన్న మద్రాసు ప్రభుత్వ అధినేత. ఓడించింది ఒక బ్రాహ్మణ వకీలు. కులం పిలుపు గెలిచి ఉంటే ఈ ఫలితం వచ్చేది కాదు. ఆ ఓటు శిస్తు కట్టేవాళ్లు వేసినది.

గిరి ఆలోచనలో మెచ్చుకోదగ్గ సూక్ష్మం ఒకటుంది. కార్మికుడికి మేలు చెయ్యాలంటే ప్రభుత్వం ఎంత దూరం వెళ్లాలి? 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నిర్బంధ తీర్పు పద్ధతి (వివాదాన్ని ప్రభుత్వమే ట్రిబ్యునల్‌కి అప్పగించడం) పెట్టింది. సమ్మె అవసరం లేదు, న్యాయం కోర్టు చేస్తుంది. వినడానికి కార్మికుడికే లాభంలా ఉంటుంది. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన గిరి దీన్ని వ్యతిరేకించాడు. అతని వాదన ఇలా సాగుతుంది. కేసు ట్రిబ్యునల్‌కి వెళ్తే యజమానికి ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సిన పని తప్పుతుంది. యూనియన్ నాయకుడు కార్మికుల మధ్య కంటే వకీళ్ల మధ్య ఎక్కువ తిరుగుతాడు. వాయిదాలు పడతాయి. చందా కట్టే సభ్యుడికి యూనియన్ ఎందుకో అర్థం కాదు. కొన్నేళ్లకి సంఘం బోర్డు మిగులుతుంది, బలం మిగలదు. కాబట్టి ప్రభుత్వం తీర్పరి కాకుండా ఇద్దరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టేదిగా ఉండాలన్నాడు. దీనికి ‘గిరి విధానం’ అని పేరొచ్చింది. మంత్రివర్గం ఒప్పుకోలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకి ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పునే ప్రభుత్వం సవరించింది. గిరి ఆగస్టులో రాజీనామా చేశాడు. కార్మికుల పక్షం అంటే ఎప్పుడూ సర్కారు పెద్దరికం కోరుకోవడమే అనుకునేవాళ్లు ఈ ఒక్క అధ్యాయం చదివితే మాట మార్చుకుంటారు.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1969 మేలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ మరణించారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి. జూలై 19న 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడు పదవి వదిలి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో దిగారు. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇద్దరూ తెలుగువాళ్లే, అక్కడ తెలుగుతనం ఎవరికీ పనికి రాలేదు. ‘అంతరాత్మ’ ప్రకారం ఓటెయ్యండి అని ప్రధాని ఇందిరాగాంధీ అన్నారు. గిరి గెలిచారు, కొన్ని నెలలకి కాంగ్రెస్ చీలింది. బ్యాంకు ఎవరికి అప్పివ్వాలో ప్రభుత్వం చెప్పాలా, బ్యాంకు యజమాని చెప్పాలా అన్న ప్రశ్నకి దేశంలోకెల్లా పెద్ద పార్టీ చీలికలో చోటుంది.

ఇంకో ముచ్చట. 1991లో ఆర్థిక సంస్కరణలు తెచ్చి, సర్కారు పట్టు సడలించిన ప్రధాని పీవీ నరసింహారావు 1996లో రెండు చోట్ల పోటీ చేశారు. ఒకటి నంద్యాల, రెండోది బరంపురం. రెండూ గెలిచి, నంద్యాల వదులుకుని బరంపురం అట్టేపెట్టుకున్నారు. బ్యాంకుల జాతీయీకరణ మీద సంతకం చేసింది ఆ ఊళ్లో పుట్టినవాడు, లైసెన్సు రాజ్యాన్ని విప్పింది ఆ ఊరు గెలిపించినవాడు. ఊరి మనసు ఒక భావజాలానికి కట్టుబడిందని దీన్నిబట్టి చెప్పలేం. పీవీకి పడిన ఓట్లలో తెలుగు మాటకి పడినవి ఉన్నాయి, హస్తం గుర్తుకి పడినవి ఉన్నాయి. సంస్కరణలకే పడినవి వేరుచేసి తూచే తక్కెడ లేదు. నాయకుడి భావజాలం, ఓటరు కారణం ఒకటే కానక్కర్లేదు.

ఇలాంటి బేరసారాలన్నిటినీ తోసిపుచ్చిన దారీ ఒకటి ఈ నేల పక్కనే ఉంది. 1967 తర్వాత శ్రీకాకుళం కొండల్లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నడిపిన గిరిజన తిరుగుబాటు దృష్టిలో ప్రభుత్వమే భూస్వామి చేతి పనిముట్టు. దాన్ని ఏదైనా అడగడం దండగ. 1970కల్లా నాయకులు పోలీసుల చేతిలో చనిపోయారు. ఉద్యమం ఓడింది. గిరిజన భూమి చేతులు మారకుండా ఆంధ్రప్రదేశ్‌లో ఆ 1970లోనే చట్టం బిగించారు. తిరుగుబాటు లేకుంటే అంత త్వరగా బిగించేవారా అన్నది ఆలోచించాల్సిన విషయమే.

ఇక ఇప్పటి ఒడిశాకి వద్దాం. బిజూ పట్నాయక్ కుటుంబం మూలాలు గంజాంవి. ఆయన 1996లో ఆస్కా నుంచి లోక్‌సభకి గెలిచారు, మరణించాక ఆ సీటులోకి కొడుకు నవీన్ వచ్చారు. 2000 నుంచి హింజిలి శాసనసభ స్థానం నవీన్‌దే, ఆయన పార్టీ బీజేడీ ఓడిన 2024లో కూడా. బీజేడీకి భావజాలం లేదని విమర్శకులు అంటారు. 2009 దాకా బీజేపీతో కలిసి నడిచి, కంధమాల్ జిల్లాలో మత హింస తర్వాత విడిపోయి, ఆపైన ఇద్దరికీ సమదూరం అన్నది కదా అని. ఆ విమర్శ సగమే సరి. బీజేడీ పిలిచిన పేరు ఉంది: ‘మా’. అమ్మ.

2001లో మిషన్ శక్తి పథకం మొదలైంది. ఇందులో ప్రభుత్వం మాట్లాడేది ఒక మహిళతో కాదు, గ్రూపుతో. పది పన్నెండు మంది పొదుపు చేస్తారు, పుస్తకం రాసుకుంటారు, బ్యాంకు అప్పు గ్రూపుకి ఇస్తుంది. తర్వాత సర్కారు పనులే గ్రూపులకి వచ్చాయి. బడిపిల్లల యూనిఫాం కుట్టడం, ధాన్యం కొనుగోలు, కరెంటు మీటరు రీడింగు. గ్రూపులో ఉన్నామె ఇంట్లో కోడలు, ఊళ్లో గుర్తింపున్న మనిషి. గ్రూపు బయట మిగిలినామెకి వరస తక్కువ. గ్రూపులన్నీ పాలకపక్షం వైపు ఒరుగుతాయన్న ఫిర్యాదూ ఉంది.

2024 సెప్టెంబరు 17న బీజేపీ ప్రభుత్వం సుభద్ర పథకం తెచ్చింది. 21 నుంచి 60 ఏళ్ల మహిళలకి, అర్హతని బట్టి, ఏడాదికి 10,000 రూపాయలు, రెండు విడతల్లో, ఐదేళ్లు. డబ్బు ఆధార్ జతచేసిన సొంత ఖాతాలోకే. మధ్యలో గ్రూపు లేదు, సమావేశం లేదు, అధ్యక్షురాలు లేదు. పథకానికి జగన్నాథుడి చెల్లెలి పేరు. ఒక విడత రాఖీ పున్నమికి వస్తుంది.

పైకి రెండూ ‘ఆడవాళ్లకి డబ్బు’. లోపలి నిర్మాణం వేరు. ఒకటి మహిళని సంఘ సభ్యురాలిగా చూసి పని ద్వారా డబ్బు ఇస్తుంది. రెండోది ఆమెని వ్యక్తిగా చూసి నేరుగా ఇస్తుంది, ఆ వ్యక్తిని పండుగ ద్వారా ఒక పెద్ద మత సాంస్కృతిక కుటుంబంలో చేరుస్తుంది. మొదటిదాంట్లో బేరమాడే బలం పెరుగుతుంది, బయటివాళ్లకి తలుపు ఇరుకు. రెండోదాంట్లో తలుపు వెడల్పు, కలిసి అడిగే అలవాటు పెరగదు. గిరి ట్రిబ్యునళ్ల గురించి పడిన భయం ఇక్కడా వర్తిస్తుందని నా అభిప్రాయం. భావజాలం మేనిఫెస్టో మొదటి పేజీలో కనిపించకపోతే, డబ్బు ఏ దారిన వస్తోందో చూస్తే కనిపిస్తుంది.

మన గ్యాంగ్‌మన్ మునిమనవడు ఇప్పుడు బహుశా గుజరాత్‌లో ఉంటాడు. ఒకప్పుడు గంజాం కూలీ గోపాల్‌పూర్‌లో ఓడెక్కి రంగూన్ వెళ్లేవాడు. కొన్ని దశాబ్దాలుగా రైలెక్కి సూరత్ వెళ్తున్నాడు. అక్కడి మరమగ్గాల మీద గంజాం మనుషులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పన్నెండు గంటల షిఫ్టు, మీటర్ల లెక్కన కూలి. ఉండేది మెస్సు గదిలో. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. 2020 లాక్‌డౌన్‌లో వీళ్లు వెనక్కి రావడం మొదలుపెట్టేసరికి ఒడిశా ప్రభుత్వం క్వారంటైన్ నడపడానికి సర్పంచులకి కలెక్టరు అధికారాలు ఇచ్చింది. వలస ఎంత పెద్దదని సర్కారు అంచనా వేసిందో ఆ ఉత్తర్వే చెబుతుంది.

ఈ మనిషిని ఏ పేరుతో పిలవాలన్నదే చిక్కు. ఒడిశాలో ‘దాదన్’ కూలీ (అడ్వాన్సు తీసుకుని గుత్తేదారు వెంట వెళ్లే వలస కార్మికుడు) కోసం 1975లోనే చట్టం చేశారు. దాని వెనకే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల కేంద్ర చట్టం వచ్చింది. ఆ చట్టం గుత్తేదారుని పట్టుకునేది: అతను లైసెన్సు తీసుకోవాలి, కూలీల పేర్లు రాయించాలి, ప్రయాణ భత్యం ఇవ్వాలి. గంజాం కుర్రాడు సూరత్ వెళ్లేది ఎక్కువగా గుత్తేదారుతో కాదు. బావమరిదితోనో, పక్కింటివాడితోనో. ఆ చట్టం వెతికిన మనిషి అక్కడ లేడు. కార్మికుడిగా పిలవాలంటే యూనియన్ ఉండాలి, షెడ్డులో ఏడాదికోసారి మారే మనుషులతో అది నిలబడదు. ఒడియావాడిగా పిలవొచ్చు, అప్పుడు అది సూరత్‌లో పరాయితనాన్ని గుర్తుచేస్తుంది. రైతుబిడ్డగా పిలవొచ్చు, కానీ పొలం అతను చూసేది సెలవుల్లోనే.

రాజకీయాల్లో పిలుపు కంటే ముందు కావలసింది ఓటు. అతని ఓటు గంజాంలో ఉంది, పని గుజరాత్‌లో ఉంది. మగ్గం షెడ్డు మీద అధికారం ఉన్న ప్రభుత్వానికి అతను ఓటరు కాడు. అతను ఓటరైన ప్రభుత్వానికి షెడ్డు మీద అధికారం లేదు. పోలింగ్ రోజుకి రావాలంటే కూలి, రైలు చార్జీ రెండూ పోతాయి. టికెట్టు ఎవరైనా పెట్టి తీసుకొస్తే వస్తాడు, వచ్చాక ఆ టికెట్టు పెట్టినవాళ్ల మాట కొట్టెయ్యడం కష్టం. 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం దూరప్రాంత ఓటు యంత్రం నమూనా ప్రకటించింది. ఒకే యంత్రం మీద 72 నియోజకవర్గాల దాకా ఓట్లు వేయించవచ్చంది. 2023 జనవరి 16న పార్టీలని పిలిచింది. ప్రతిపక్షాలు అభ్యంతరాలు చెప్పాయి: వలస కార్మికుడంటే ఎవరో నిర్వచనం ఏదీ, గుజరాత్‌లో ఒడిశా అభ్యర్థి ప్రచారం ఎలా చేస్తాడు, ఏజెంట్లని ఎక్కడినుంచి తెస్తాడు? ప్రశ్నలు న్యాయమైనవే. 2024 ఎన్నికల్లో ఆ యంత్రం వాడలేదు. గంజాం పల్లెల్లో పార్టీలు ఇంటింటికీ తిరిగినప్పుడు తలుపు తీసింది ఎక్కువగా ఆడవాళ్లూ ముసలివాళ్లే. సుభద్ర, మిషన్ శక్తి, పింఛను అన్నీ వాళ్లకి ఇచ్చిన హామీలే.